సజాతీయత నేరమనే చట్టాలు పోతున్నది బయటి ఒత్తిడితోనా, లోపలి సంతకంతోనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినాయన రాజనీతిశాస్త్రంలో ఎంఏ చేస్తున్న విద్యార్థి. సజాతీయ సంబంధాలు నేరమనే చట్టాల రద్దుకు ప్రపంచంలో జరుగుతున్న ప్రయత్నాల మీద సెమినార్ పేపర్ రాస్తున్నారు. వాళ్ల ప్రొఫెసర్ గారు "ఇదంతా పాశ్చాత్యుల ఎజెండా, డబ్బూ ఒత్తిడీ పెట్టి చట్టాలు మార్పిస్తున్నారు" అన్నారట. అది నిజమేనా? చట్టం పోయినచోట హోమోఫోబియా, అంటే సజాతీయుల మీద ద్వేషం కూడా పోయిందా?

సూటిగా చెప్తాను. బయటి ఒత్తిడికి లొంగి పోయిన చట్టాలు కొన్నే. ఎక్కువచోట్ల ఆ గడ్డ మీద పుట్టిన మనిషి ఒకరు తన సొంత పేరుతో వకాలత్ మీద సంతకం పెట్టి, తన దేశపు రాజ్యాంగం చూపించి అడిగితే పోయాయి. ఇక రెండోది: చట్టం పోతే ద్వేషం పోదు. కానీ బెదిరించేవాడి చేతిలో కర్ర పోతుంది. ఆ తేడా ఎంతదో కర్ర దెబ్బ తిన్నవాళ్లని అడిగితే చెప్తారు.

నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ల పైగా ప్రాక్టీసు చేస్తున్న వకీలుని. అంతకుముందు కొన్నాళ్లు కోస్తా జిల్లాల్లో హెచ్ఐవీ నివారణ పనిచేసే సంస్థలకు న్యాయసహాయం చూసేవాణ్ణి. అందుకే నా సమాధానంలో పుస్తకం కంటే పోలీస్ స్టేషన్ ఎక్కువ కనిపిస్తుంది. ఇంకో మాట. పేపర్లలో రాసే "స్వలింగ సంపర్కులు" అన్న పదం నేను వాడను. మనిషి మొత్తాన్నీ మంచం మీదికి కుదించే పదం అది. గే, లెస్బియన్, సజాతీయులు అంటాను. మీ పేపర్లో ఏ మాట వాడినా ఎందుకు వాడుతున్నారో ఒక లైను రాసుకోండి.

ముందు ఈ చట్టం ఎక్కడిదో చూడండి

మీ ప్రొఫెసర్ గారి మాటలో సగం నిజం ఉంది. ఇందులో పాశ్చాత్య దిగుమతి ఒకటుంది. అయితే అది రద్దు కాదు, చట్టమే. ఇంగ్లండులో 1533లో ఎనిమిదో హెన్రీ కాలంలో దీన్ని మరణశిక్ష పడే నేరం చేశారు. మెకాలే కూర్చుని ముసాయిదా రాసిన భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 1860లో చట్టమైంది. అందులో "ప్రకృతి విరుద్ధమైన సంభోగం" అంటూ 377వ సెక్షన్ వచ్చింది. దాన్నే తర్వాత తెల్లదొరలు పెట్టెలో పెట్టుకుని తిరిగారు. సింగపూర్, మలేసియా, మయన్మార్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో సెక్షన్ నంబరు కూడా 377గానే ఉండిపోయింది. శ్రీలంకలో మాత్రం నంబరు 365.

ఫ్రాన్సు కథ వేరు. విప్లవం తర్వాత 1791లో రాసుకున్న శిక్షాస్మృతిలో పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వకమైన సజాతీయ సంబంధాన్ని నేరాల జాబితాలో చేర్చనే లేదు. దీనికి మనవాళ్లెవరూ పెద్దగా పట్టించుకోని ఒక తెలుగు ఉదాహరణ ఉంది. కాకినాడ నుంచి ముప్పై కిలోమీటర్లు వెళ్తే యానాం. 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయేదాకా అక్కడ నడిచింది ఫ్రెంచి చట్టం. కాకినాడలో పదేళ్లో యావజ్జీవమో పడగల నేరం యానాంలో అసలు నేరమే కాదు. రెండు చోట్లా అదే గోదారి, అదే పులస, అదే యాస. విలీనం తర్వాత మన ఐపీసీ అక్కడికీ వెళ్లింది, దాంతోపాటు 377 కూడా వెళ్లింది. "మన సంస్కృతి" వాదం చేసేవాళ్ల ముందు నేను ఈ యానాం సంగతే పెడతాను. సంస్కృతి మారలేదు కదా, మరి నేరం ఎలా మారింది?

హైదరాబాద్ రాజ్యంలోనూ ఒకటుంది. 1329 ఫస్లీ, అంటే 1919లో, నిజాం ప్రభుత్వం హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలని, ఆడవేషంలో బయట ఆడిపాడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చని చట్టం చేసింది. దానికి మూస 1871లో బ్రిటిష్‌వాళ్లు చేసిన నేరస్త తెగల చట్టం. పేరులో హైదరాబాద్ పోయి ఆంధ్ర, ఆంధ్ర పోయి తెలంగాణ చేరింది గానీ చట్టం మాత్రం బతికే ఉంది. ట్రాన్స్ ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. ఇక్కడా చూడండి, దాన్ని తీయించింది జెనీవాలోని ఐక్యరాజ్యసమితి కాదు. హైదరాబాద్‌లో బతికే మనిషి హైదరాబాద్ హైకోర్టు మెట్లెక్కితే పోయింది.

పిల్లి మెడలో గంట కట్టేదెవరు

ఇది వకీళ్లకు బాగా తెలిసిన చిక్కు, పుస్తకాల్లో పెద్దగా రాయరు. చట్టం రాజ్యాంగ విరుద్ధమని వాదించడానికి వంద వాదనలు దొరుకుతాయి. అఫిడవిట్ మీద "నేను ఫలానా, ఫలానావారి కుమారుణ్ణి, నేను గేని" అని సంతకం పెట్టే మనిషే దొరకడు. ఎందుకంటే ఆ సంతకమే నేరాంగీకారంలా ఉంటుంది.

మన దేశంలోనే చూడండి. 1994లో తీహార్ జైల్లో కండోములు ఇవ్వడానికి అధికారులు ఒప్పుకోకపోతే ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే సంస్థ ఢిల్లీ హైకోర్టులో 377 మీద మొదటి పిటిషన్ వేసింది. అది సాగలేదు. 2001లో హెచ్ఐవీ మీద పనిచేసే నాజ్ ఫౌండేషన్ వేసింది. 2004లో హైకోర్టు "ఈ సెక్షన్‌తో మీకు సొంతంగా ఏం నష్టం?" అన్న ధోరణిలో దాన్ని కొట్టేసింది. 2006లో సుప్రీంకోర్టు వెనక్కి పంపి వినమంది. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఏకాంతంలో జరిగేది నేరం కాదంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పుని తిప్పేసింది.

ఆ 2013 తీర్పు చదివి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అందులో ఒక తర్కం ఉంది. నూటయాభై ఏళ్లలో 377 కింద విచారణ దాకా వెళ్లినవాళ్లు రెండొందల మందిలోపే, బాధితులనేవాళ్లు జనాభాలో అతి చిన్న భాగం, కాబట్టి ఇదేమంత పెద్ద సమస్య కాదు అని. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు మనవాళ్లు. నా దగ్గరికి 377 పేరుతో ఏడ్చుకుంటూ వచ్చిన క్లయింట్లలో ఒక్కరి మీద కూడా ఛార్జిషీట్ లేదు. ఆ సెక్షన్ కోర్టులో పనిచేసేది కాదు. బస్టాండు వెనక, పార్కు గేటు దగ్గర, లాడ్జి గదిలో పనిచేసేది.

ఒక్క కేసు చెప్తాను. ఊరు చెప్పను. డిగ్రీ అయిపోయి చిన్న ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు. పార్కులో ఇంకొకతనితో మాట్లాడుతుంటే ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టుకున్నారు. స్టేషన్‌కి కూడా తీసుకెళ్లలేదు. "మీ నాన్నకి ఫోన్ చేయమంటావా, 377 పెట్టమంటావా" అన్నారు. చేతిలో ఉన్న జీతం, వేలికున్న ఉంగరం తీసుకున్నారు. మళ్లీ నెలకి వచ్చారు. మూడో నెలకీ వచ్చారు. నాలుగో నెల అతను నిద్రమాత్రలు మింగాడు. బతికాడు. ఫిర్యాదు చేద్దాం రమ్మంటే "సార్, ఏం రాస్తారు అందులో?" అన్నాడు. ఎఫ్ఐఆర్ లేదు, రిమాండు లేదు, వాయిదా లేదు. సుప్రీంకోర్టు లెక్కలో ఈ కుర్రాడు లేడు.

2018 నాటికి మారింది ఇదే. ఈసారి పిటిషనర్లలో ముందు నిలబడ్డది సంస్థలు కాదు, మనుషులు. నాట్యకారుడు నవ్‌తేజ్ సింగ్ జోహర్, పాత్రికేయుడు సునీల్ మెహ్రా, చెఫ్ రీతూ దాల్మియా, హోటళ్ల వ్యాపారంలో ఉన్న అమన్‌నాథ్, కేశవ్ సూరి. తర్వాత ఐఐటీల్లో చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు ఇరవై మంది. అందరూ పేరు రాసి సంతకం పెట్టారు. మధ్యలో 2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తించిన నల్సా తీర్పు, 2017 ఆగస్టులో గోప్యత ప్రాథమిక హక్కన్న పుట్టస్వామి తీర్పు వచ్చి నేల చదును చేసి పెట్టాయి. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. ఈ మనుషులకూ వాళ్ల కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ బాకీ ఉందని జస్టిస్ ఇందూ మల్హోత్రా రాశారు. కేంద్రం కోర్టు విజ్ఞతకే వదిలేస్తున్నామంది తప్ప గట్టిగా అడ్డుపడలేదు. ఇందులో విదేశీ ఒత్తిడి ఎక్కడుందో నాకైతే కనిపించలేదు. విదేశీ తీర్పులు మాత్రం బోలెడు ఉదహరించారు. మన కోర్టులు ఆస్తి తగాదాలకి కూడా ఇంగ్లండు తీర్పులు చదువుతాయి, దాన్ని ఎజెండా అనం కదా.

వేరే దేశాల్లోనూ ఇదే వరస

బెల్‌ఫాస్ట్‌లో 1976లో జెఫ్రీ డడ్జన్ అనే ఆయన ఇంటి మీద పోలీసులు పడి ఉత్తరాలు, డైరీలు పట్టుకెళ్లారు. కేసు పెట్టలేదు. ఆయన యూరప్ మానవహక్కుల కోర్టుకి వెళ్లాడు. 1981లో గెలిచాడు, మరుసటేడు ఉత్తర ఐర్లండులో చట్టం మారింది. ఇంగ్లండు, వేల్స్‌లలో 1967లోనే తీసేశారు. అదే రాజ్యంలో పక్కనున్న ముక్కకి పదిహేనేళ్లు పట్టింది.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియా రాష్ట్రంలో నికొలస్ టూనెన్ అయితే ఏకంగా ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘం దాకా వెళ్లాడు. 1994లో సంఘం అతని పక్షాన తేల్చింది. ఆ ఫిర్యాదు మూలంగా అతని ఉద్యోగం పోయింది. టాస్మేనియా 1997లో గానీ చట్టం తీయలేదు. ఐక్యరాజ్యసమితి ఏం చేసింది అంటే నేను ముందు ఈ టూనెన్ కేసే చెప్తాను. లైంగికత కారణంగా మనిషిని నేరస్తుణ్ణి చేయడం ఒప్పందాలకు విరుద్ధమన్న మాట అక్కణ్ణుంచే ప్రపంచంలోని కోర్టులన్నిటికీ అరువు దొరికింది. మానవహక్కుల మండలి 2011లో తీర్మానం చేసింది, ముందుకు తెచ్చింది దక్షిణాఫ్రికా. 2016లో ఈ విషయం చూడటానికి ఒక స్వతంత్ర నిపుణుణ్ణి పెట్టింది. ఆ ఓటింగులో మన దేశం ఎటూ వేయకుండా తప్పుకుంది. ఐక్యరాజ్యసమితి దగ్గర పోలీసులు లేరు, ఉన్నవి మాటలు. కోర్టులో నిలబడ్డవాడికి ఆ మాటలు పనికొస్తాయి. నిలబడేవాడే లేకపోతే అవి కాగితం మీదే ఉంటాయి.

మధ్య అమెరికాలోని బెలీజ్‌లో కాలెబ్ ఒరోస్కో 2010లో కేసు వేశాడు. దాడులు జరిగాయి, బెదిరింపులొచ్చాయి, చర్చిలు కేసులో అతనికి ఎదురుపక్షాన చేరాయి. 2016 ఆగస్టులో గెలిచాడు. మారిషస్‌లో 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 250వ సెక్షన్ని ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించదంటూ, ఆ సెక్షన్ మారిషస్ ప్రజల విలువలనుంచి పుట్టింది కాదు, బ్రిటన్ నుంచి వారసత్వంగా వచ్చిందే అని స్పష్టంగా రాసింది. మీ ప్రొఫెసర్ గారికి ఆ పేరా చూపించండి. నమీబియాలో 2024 జూన్‌లో ఫ్రీడెల్ దౌసబ్ గెలిచాడు.

వకీలుగా నాకు ఆసక్తి కలిగించేది కరీబియన్. అక్కడ చాలా దేశాల రాజ్యాంగాల్లో ఒక మెలిక ఉంది. స్వాతంత్ర్యానికి ముందున్న చట్టాలు ప్రాథమిక హక్కులకు విరుద్ధమైనా సరే, వాటిని ప్రశ్నించకూడదు. సేవింగ్స్ క్లాజు అంటారు. మన రాజ్యాంగంలో 13వ అధికరణం దీనికి సరిగ్గా ఎదురు. పాత చట్టం ప్రాథమిక హక్కుకి అడ్డొస్తే ఆ మేరకు చెల్లదు. మనవాళ్లు ఆ ఒక్క వాక్యం రాసి ఎంత ముందుచూపు చూపించారో ట్రినిడాడ్ చూస్తే తెలుస్తుంది. అక్కడ జేసన్ జోన్స్ 2018లో హైకోర్టులో గెలిచాడు. 2025 మార్చిలో పైకోర్టు ఆ తీర్పుని తిప్పేసింది, పాత చట్టాన్ని రక్షించే ఆ క్లాజు పట్టుకునే. ఏడేళ్లు నేరం కానిది మళ్లీ నేరమైంది. ఒకసారి పోయిన చట్టం తిరిగి రాదని ఎవరైనా అంటే నమ్మకండి. 2009 నుంచి 2013 దాకా మనమూ చూశాం.

సింగపూర్‌ది ఇంకో దారి. అక్కడ 2022 నవంబరులో పార్లమెంటే మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసిన 377ఎ సెక్షన్ని తీసేసింది. అదే రోజు పెళ్లి నిర్వచనాన్ని కోర్టులో ప్రశ్నించే వీలు లేకుండా రాజ్యాంగ సవరణ కూడా చేసుకుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తలుపు గడియ పెట్టుకున్నారు. భూటాన్ అయితే పెద్ద చప్పుడు లేకుండా తీసేసింది. 2020 డిసెంబరులో పార్లమెంటు ఒప్పుకుంది, 2021లో రాజు సంతకం పెట్టాడు.

ఒత్తిడి పనిచేసిన చోటు, బెడిసికొట్టిన చోటు

ఒత్తిడి అసలు పనిచేయదని నేను అనడం లేదు. తూర్పు యూరప్‌లో పనిచేసింది. రుమేనియా 2001లో తన శిక్షాస్మృతిలోని 200వ అధికరణం తీసేసిందంటే యూరప్ కూటముల్లో చోటు కావాలి కాబట్టే. సైప్రస్ 1993లో యూరప్ కోర్టులో ఓడి అయిదేళ్లు నాన్చి 1998లో తీసింది. లోపలికి రావాలనుకునే దేశం మీద సభ్యత్వ షరతు పనిచేస్తుంది. అప్పు ఆపేస్తామనే బెదిరింపు అలా పనిచేయదు.

ఉగాండానే చూడండి. అక్కడి సెక్షన్ బ్రిటిష్‌వాళ్లు పెట్టినదే. 2009 మార్చిలో కంపాలాలో అమెరికా నుంచి వచ్చిన పాస్టర్లు సజాతీయతకు వ్యతిరేకంగా సభ పెట్టారు. ఆ ఏడాదే కొత్త కఠిన బిల్లు పార్లమెంటులోకి వచ్చింది. అంటే పాత చట్టమూ బయటిదే, కొత్త ద్వేషానికి ఎరువూ బయటిదే! 2010లో ఒక స్థానిక పత్రిక గేల పేర్లూ ఫొటోలూ అచ్చేసి ఉరి తీయండని రాసింది. అందులో పేరున్న డేవిడ్ కాటో ఆ పత్రిక మీద కోర్టుకెళ్లి గెలిచాడు. 2011 జనవరిలో అతన్ని ఇంట్లోనే కొట్టి చంపారు.

2011 అక్టోబరులో బ్రిటన్ ప్రధాని కామెరాన్ ఇలాంటి దేశాలకు సాయం తగ్గిస్తామన్నట్టు మాట్లాడితే మొదట వద్దన్నది ఆఫ్రికాలోని ఉద్యమకారులే. ఆసుపత్రిలో మందులు తగ్గితే జనం ఎవర్ని తిడతారు? "వీళ్ల వల్లే" అని పక్కింటి కుర్రాణ్ణి చూపిస్తారు. అత్త మీద కోపం దుత్త మీద. 2014లో ఉగాండా చట్టం చేసింది. ప్రపంచ బ్యాంకు 9 కోట్ల డాలర్ల ఆరోగ్య రుణం ఆపింది. ఆ చట్టాన్ని కొట్టేసింది మాత్రం ఉగాండా రాజ్యాంగ కోర్టే, కోరం లేకుండా పాస్ చేశారన్న కారణంతో. 2023 మేలో మరింత కఠినమైన చట్టం వచ్చింది, కొన్ని సందర్భాల్లో మరణశిక్ష దాకా. ప్రపంచ బ్యాంకు మళ్లీ కొత్త రుణాలు ఆపింది. 2024 ఏప్రిల్‌లో అదే రాజ్యాంగ కోర్టు ఈ చట్టాన్ని చాలావరకు నిలబెట్టింది.

బ్రిటిష్ వారసత్వం అన్న వివరణ కూడా అన్నిచోట్లా సరిపోదని ఒప్పుకోవాలి. ఫ్రెంచి పాలనలో ఉన్న మాలి, బుర్కినా ఫాసోలకు అలాంటి చట్టం వారసత్వంగా రాలేదు. మాలి 2024లో, బుర్కినా ఫాసో 2025లో కొత్తగా చేసుకున్నాయి. రెండూ సైనిక పాలనలే. "విదేశీ విలువలను తరిమేస్తున్నాం" అని చెప్పుకోవడానికి ఇంతకంటే చవకైన పని వాళ్లకి దొరకలేదు. ఈ రోజుకీ అరవై పైచిలుకు దేశాల్లో ఇది నేరమే. లెక్క ఏటేటా అటూ ఇటూ మారుతుంటుంది, మీ పేపర్లో తేదీ వేసి రాయండి.

చట్టం పోయాక

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. దక్షిణాఫ్రికా రాజ్యాంగం 1996లోనే లైంగికత ఆధారంగా వివక్ష కూడదంది, ప్రపంచంలో అలా రాసుకున్న మొదటి దేశం. 2006లో పెళ్లి హక్కు కూడా వచ్చింది. 2008లో ఆ దేశపు మహిళా ఫుట్‌బాల్ జట్టుకి ఆడిన యూడీ సిమెలానేని సొంత ఊళ్లోనే అత్యాచారం చేసి చంపారు. ఆమె బాహాటంగా లెస్బియన్‌గా బతికిన మనిషి. కాగితం ఆమెను కాపాడలేదు.

మన దగ్గర ఏం మారిందో నా ఆఫీసు కుర్చీలోంచి చెప్తాను. 2018కి ముందు నా దగ్గరికి వచ్చేవాళ్లను బెదిరించింది ఎక్కువగా ఖాకీ చొక్కా. ఇప్పుడు యాప్ ముఠా. డేటింగ్ యాప్‌లో పరిచయం చేసుకుని, గదికి పిలిచి, నలుగురు మీద పడి వీడియో తీసి, ఫోన్‌పేలో డబ్బు వేయించుకుంటారు. పోయినేడు ఒకే నెలలో ముగ్గురు వచ్చారు. ముగ్గురూ అడిగింది ఒకటే: "కంప్లయింట్ ఇస్తే నా మీదే కేసు పెడతారేమో సార్?" పెట్టరు. మీరు చేసింది నేరం కాదు, వాళ్లు చేసింది నేరం. భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్, బలవంతపు వసూలు. డబ్బు ఆన్‌లైన్‌లో పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. ఆ ముగ్గురిలో ఇద్దరు ఫిర్యాదు ఇచ్చారు. ఒక స్టేషన్లో రైటర్ కాస్త నవ్వాడు, కానీ రాసుకున్నాడు. అదే 2018కి ముందు అయితే నేనే వాళ్లను స్టేషన్‌కి పోవద్దనేవాణ్ణి.

మూడో ఆయన ఇవ్వలేదు. పెళ్లై ఇద్దరు పిల్లలు. ఆయన్ని నేను తప్పుపట్టను.

ఇళ్ల సంగతి వేరే. ఇద్దరు అమ్మాయిలు కలిసి ఉండాలని ఇల్లు వదిలితే తల్లిదండ్రులు మిస్సింగ్ కేసు పెడతారు, పోలీసులు పట్టుకొచ్చి అప్పగిస్తారు, అక్కణ్ణుంచి గదిలో తాళం. ఇలాంటప్పుడు నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించే హెబియస్ కార్పస్ రిట్ తప్ప దారి లేదు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇలాంటి కేసులోనే మేజరైన అమ్మాయి తనకు నచ్చిన తోడుతో ఉండొచ్చని చెప్పింది. తీర్పు చిన్నదే. కానీ దాని కాపీ నేను బ్యాగులో పెట్టుకుని తిరుగుతాను. స్టేషన్లో సుప్రీంకోర్టు తీర్పు చూపిస్తే "అది ఢిల్లీది సార్" అంటారు, మన హైకోర్టుది చూపిస్తే కుర్చీ వేస్తారు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి "మార్చండి" అనే తల్లిదండ్రులూ ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. హోమోఫోబియా వ్యతిరేక దినం మే 17న జరపడం అందుకే. మన జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇలా "మార్చే" చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తన అంది. మద్రాసు హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ వెంటపడితే వచ్చిన ఉత్తర్వు అది. ఆ జడ్జి గారు ఈ విషయం తనకు అర్థం కావడంలేదని ఒప్పుకుని, ముందు తానే ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. అలాంటి జడ్జిని నా సర్వీసులో ఇంకొకర్ని చూడలేదు.

పెళ్లి విషయం త్వరగా చెప్పేస్తాను. హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ వేసిన కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు పెళ్లి ప్రాథమిక హక్కు కాదంది. నేరం కాకపోవడం వేరు, హక్కు ఉండటం వేరు. మీ పేపర్లో ఈ రెంటినీ కలిపేయొద్దు, చాలామంది కలిపేస్తారు.

పేపర్లలో సరిగ్గా రాని ఒక చిక్కు

2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి న్యాయ సంహిత వచ్చింది. 2018లో సుప్రీంకోర్టు 377 మొత్తం కొట్టేయలేదు. ఇష్టం లేకుండా బలవంతంగా చేస్తే, పిల్లల మీద చేస్తే, జంతువుల మీద చేస్తే ఆ సెక్షన్ అలాగే ఉంటుందంది. కొత్త సంహితలో దాన్ని మొత్తంగా వదిలేశారు. ఉద్యమంలో ఉన్న నా మిత్రులు కొందరు మొదట సంబరపడ్డారు. నేను పడలేదు. మన చట్టంలో అత్యాచారం అంటే స్త్రీ మీద పురుషుడు చేసేదే. ఇప్పుడు పెద్దవాడైన మగవాడి మీద అత్యాచారం జరిగితే ఏ సెక్షన్ పెట్టాలి? దాడి, గాయం, అక్రమ నిర్బంధం లాంటివే దిక్కు, శిక్ష చాలా తక్కువ. ట్రాన్స్‌జెండర్ మనిషికి జరిగితే 2019 చట్టం కింద రెండేళ్లు దాటదు. యాప్ ముఠాలు దోచుకోవడంతో ఆగని సందర్భాలూ నేను చూశాను, అందుకే ఈ ఖాళీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. చట్టం తీయడం అంటే సెక్షన్ చింపేయడం కాదు, ఏది ఉంచాలో చూసుకుని తీయడం.

ఇది చదివేవాళ్లలో జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు ఉంటారు కాబట్టి ఒక్క మాట. 2018 తీర్పు విమానం ఎక్కదు. కువైట్ శిక్షాస్మృతి 193వ అధికరణం కింద మగవాళ్ల మధ్య సంబంధానికి ఏడేళ్ల దాకా జైలు. సౌదీలో రాసిపెట్టిన సెక్షన్ అంటూ లేదు, షరియా ప్రకారం జడ్జి వేసే శిక్ష మరణశిక్ష దాకా పోవచ్చు. బహ్రెయిన్‌లో 1976 నుంచి నేరుగా నేరం కాదు గానీ నీతి నియమాల పేరుతో పట్టుకోవచ్చు. అక్కడికెళ్లేముందు ఫోన్లో యాప్‌లు, ఫొటోలు, చాట్‌లు తీసేయండి. పిరికితనం నేర్పుతున్నానని ఎవరైనా అన్నా పరవాలేదు. ఒకసారి అక్కడ లోపలికెళ్లిన కుర్రాడి తల్లి నా ఎదురుగా కూర్చుంటే నేను చేయగలిగింది ఎంబసీకి మెయిల్ పెట్టడం ఒక్కటే అయింది.

మీ పేపర్‌కి ఒక సలహా. ప్రపంచం మొత్తం ఎత్తుకోవద్దు, సెమినార్ టైము చాలదు. బోత్స్వానా ఒక్కటి తీసుకోండి. 2003లో కనానే కేసులో అక్కడి అప్పీలు కోర్టు "ఇంకా సమయం రాలేదు" అంది. 2016లో అదే కోర్టు లెగాబిబో అనే సజాతీయుల సంఘాన్ని రిజిస్టరు చేయాల్సిందేనంది. 2019 జూన్ 11న హైకోర్టులో జస్టిస్ లెబురు చట్టాన్ని కొట్టేశారు. పిటిషన్ వేసింది లెట్స్వెలెట్సే మోట్షిడియెమాంగ్, 21 ఏళ్ల యూనివర్సిటీ విద్యార్థి, ఇంచుమించు మీ వయసువాడు. 2021 నవంబరు 29న అప్పీలు కోర్టు ఆ తీర్పుని నిలబెట్టింది. ఒకే దేశం, ఒకే సెక్షన్లు, 2003లో కాదన్న కోర్టే 2021లో అవునంది. ఆ రెంటి నడుమ అక్కడ ఎవరెవరు ఏం చేశారో, బయటివాళ్ల పాత్ర అందులో ఎంతో మీరే లెక్క తేల్చండి. తీర్పులన్నీ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2003 తీర్పు ముందు చదవండి, విసుగొచ్చినా సరే, అది చదవకపోతే 2019 తీర్పులో జడ్జి ఎవరితో వాదిస్తున్నాడో అర్థం కాదు.